సొంత పొయ్యి లేని వైరస్

(పెద్దమందడిలో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ మండలంలో ఏ ఊరికి పోయినా రైతులు నన్ను ఆపి అడిగేది ఒకటే. "సారూ, పల్లిచేన్ల మొవ్వు కుళ్లు పడ్డది. ఏం మందు కొట్టాలె?" నేను చెప్పేదీ ఒకటే, దానికి కొట్టే మందు లేదని. ఈ జవాబు విని సంతోషపడ్డవాణ్ని నేనింకా చూడలేదు. పురుగుమందుల దుకాణంలో 'లేదు' అనే మాట వినబడదు కాబట్టి రైతు నేరుగా అక్కడికే పోతాడు, ఏదో ఒక సీసా తెచ్చుకుంటాడు. అతన్ని తప్పుపట్టను. ఆకుమచ్చ తెగులుకు మందు ఉంది, పొగాకు లద్దె పురుగుకు మందు ఉంది, వైరస్‌కు మాత్రం ఎందుకు లేదో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ 'ఎందుకు' గురించే.

ఈ సభ ఎవరి యాదిలో జరుగుతున్నదో ఆయన్ని నేను పేరు పెట్టి పిలవలేను. చదువు చెప్పినవాణ్ని పేరుతో పిలిచే అలవాటు మా తరానికి లేదు. ఈ ఊళ్లో సారు అంటే ఆయనే. పాఠంలో కొత్త జీవి ఏది వచ్చినా బోర్డు మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు దానికి ఉన్నవి, కుడివైపు దానికి లేనివి మాతోనే చెప్పించి రాసేవారు. ఉన్నవి చెప్పడం సులువు. లేనివి ఏమిటో ఆలోచిస్తేనే అది ఎట్లా బతుకుతున్నదో తెలుస్తుందనేవారు. ఆ పద్ధతిని వైరస్‌కు వర్తింపజేస్తే కుడివైపు వరుస బోర్డు దాటి గోడ మీదికి పోతుంది.

చూడండి. ప్రొటీన్లు తయారు చేసే రైబోసోములు వైరస్‌కు లేవు. తిండిని శక్తిగా మార్చే ఏర్పాటు లేదు. పెరుగుదల లేదు. తిండే లేనప్పుడు అరుగుదల మాట ఎక్కడిది? బ్యాక్టీరియా ఎంత చిన్నదైనా ఒక కణం, దాని సంసారం దానికి ఉంటుంది. వైరస్ కణం కాదు. ఎడమవైపు రాయడానికి అన్నింటికీ ఉన్నవి రెండే. ఒకటి డీఎన్‌ఏ గానీ ఆర్‌ఎన్‌ఏ గానీ, అంటే జన్యు సందేశం. రెండోది దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు. కొన్నింటికి ఆ తొడుగు మీద ఒక కొవ్వు పొర కూడా ఉంటుంది. అదీ సొంతం కాదు, బయటికి వచ్చేటప్పుడు కణం పొరను చుట్టుకుని వచ్చినదే.

పిల్లలకు అర్థమయ్యేలా చెప్తాను. లగ్గం ఇంట్లో వంటలు సాగుతున్నాయనుకోండి. పొయ్యిలు, బియ్యం, నూనె, పనివాళ్లు అంతా పెళ్లివారిదే. వంట మేస్త్రీ మాత్రం చేతికి వచ్చిన చీటీ చూసి వండుతాడు, అది ఎవరు రాశారని అడగడు. ఎవరో ఒక దొంగ చీటీ లోపలికి జారవిడిచారు. అందులో రాసింది ఇదే: 'ఈ చీటీకి వెయ్యి నకళ్లు రాయండి, వాటిని పెట్టడానికి వెయ్యి డబ్బీలు చేయండి.' మేస్త్రీ అట్లాగే చేస్తాడు. సరుకంతా దానికే పోతుంది, పెళ్లివాళ్లు పస్తు. ఆ చీటీయే వైరస్. వంటశాల మన కణం. వైరస్ చేసింది అని మనం చెప్పుకునే పనిలో చాలా భాగం నిజానికి మన కణమే చేస్తుంది. దుకాణంలో సీసా ఎందుకు దొరకదో సగం జవాబు ఇక్కడే ఉంది. చీటీకి విషం పెట్టి చంపలేరు. వంటశాలకు విషం పెడితే పెళ్లే పోతుంది.

ఈ చీటీ ఎంత చిన్నదో ఒక లెక్క చెప్తాను. ఈ శాస్త్రమంతా పొగాకు ఆకు మీద మొదలైంది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండ్‌లో బైజరింక్ జబ్బు పట్టిన పొగాకు ఆకుల రసాన్ని, బ్యాక్టీరియాను కూడా ఆపేసే జల్లెడల గుండా వడగట్టారు. వడగట్టిన రసం పూసినా జబ్బు వచ్చింది. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ వైరస్‌ను ఉప్పు గడ్డల్లాగా స్ఫటికాలుగా తీసి సీసాలో పెట్టాడు. ఆ పొగాకు మొజాయిక్ వైరస్ ఒక సన్నటి కడ్డీ, పొడవు 300 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు ఉంటాయని గుర్తుంచుకోండి. దాని ఆర్‌ఎన్‌ఏలో ఉన్నవి దాదాపు 6,400 అక్షరాలు. మనిషి జన్యు సందేశంలో 300 కోట్లు.

దాని తొడుగులో 2,130 ప్రొటీన్ ముక్కలున్నాయి. ఒక్కో ముక్కలో 158 అమైనో ఆమ్లాలు, ఒక్కో ఆమ్లానికి మూడు అక్షరాలు కావాలి. అంటే ఒక్క ముక్కకు 474 అక్షరాలు. ఆ 2,130 ముక్కలూ వేర్వేరువై ఉంటే తొడుగు వివరం రాయడానికే పది లక్షల అక్షరాలు కావాలి. ఉన్నవి 6,400. మరి ఎట్లా? ఒకే ముక్కను 2,130 సార్లు చేయిస్తుంది. చిన్న చీటీతో పెద్ద డబ్బీ చేయాలంటే ఒకే అచ్చు ముక్కలు తప్ప దారి లేదని 1956లో క్రిక్, వాట్సన్ ఎత్తిచూపారు. ఒకే తీరు ముక్కలతో కట్టగలిగిన ఆకారాలు కూడా కొన్నే. మెట్ల బావిలా చుట్టుకుంటూ పోతే కడ్డీ అవుతుంది. మూసిన డబ్బీ కావాలంటే 20 త్రికోణ ముఖాలు, 12 మూలలు ఉన్న గుండ్రటి బొమ్మ అవుతుంది. ఆ గుండ్రటి డబ్బీల లెక్కను కాస్పర్, క్లూగ్ 1962లో తేల్చారు. లోకంలో లెక్కలేనన్ని వైరస్‌లున్నా, మైక్రోస్కోపులో వాటి ఆకారాలు ఇంత తక్కువ ఎందుకో ఈ పేదరికమే చెప్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరును మన పాఠ్యపుస్తకాలు డీఎన్‌ఏ పాఠంలోనే వదిలేస్తాయి. 1958లో చనిపోయేదాకా ఆమె చేసిన పెద్ద పని ఈ పొగాకు వైరస్ మీదే. కడ్డీ మధ్య బోలుగా ఉంటుందని, ఆర్‌ఎన్‌ఏ ఆ బోలులో వేలాడకుండా ప్రొటీన్ ముక్కల మధ్యే పొదిగి ఉంటుందని ఎక్స్‌రేలతో చూపినవారిలో ఆమె ముఖ్యురాలు. పిల్లలారా, మీ పుస్తకంలో ఆ పాఠం పక్కన పెన్సిల్‌తో రాసుకోండి.

మరి ఆ ముక్కలను ఎవరు పేర్చుతారు? ఎవరూ పేర్చరు. 1955లో ఫ్రెంకెల్‌-కాన్రాట్, విలియమ్స్ ఈ వైరస్‌ను విడదీసి ప్రొటీన్‌ను ఒకవైపు, ఆర్‌ఎన్‌ఏను ఒకవైపు ఉంచారు. తర్వాత రెండింటినీ గాజు గొట్టంలో కలిపారు. కడ్డీలు వాటంతట అవే కట్టుకున్నాయి, ఆకు మీద రుద్దితే జబ్బూ వచ్చింది. విడదీస్తే రసాయనం, కలిపితే తెగులు. దానికి ప్రాణం ఉందా లేదా అని వాదించుకునేవాళ్లు వాదించుకోవచ్చు. నాకు ఆ వాదంలో పెద్ద రుచి లేదు. పల్లిచేనుకు ఆ వాదంతో పనిలేదు.

చేనుకే వద్దాం. మన కణాల చుట్టూ ఉన్నది మెత్తటి పొర. మొక్క కణానికి ఆ పొర మీద గట్టి గోడ కూడా ఉంటుంది. ఆ గోడలో వైరస్ తలుపు తట్టే చోటు లేదు, ఎవరైనా కన్నం వేయాలి. పల్లిలో ఆ కన్నం వేసేది తామర పురుగు. కంటికి సరిగ్గా ఆనని ఈ పురుగు ఆకును గీకి రసం పీలుస్తుంది. మొవ్వు కుళ్లును ఇక్రిశాట్ పరిశోధకులు పటాన్‌చెరులో ఏళ్ల తరబడి చదివారు. మొదట దాన్ని టమాటా మచ్చల వైరస్ అనే అనుకునేవారు. మన తెలుగు శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి బృందం అది వేరే వైరస్ అని 1992లో తేల్చింది.

ఈ వైరస్‌కూ తామర పురుగుకూ ఉన్న పొత్తు విచిత్రమైనది. పురుగు పిల్లగా ఉన్నప్పుడు జబ్బు మొక్కను తింటేనే వైరస్ దానికి పడుతుంది. పెద్దదయ్యాక తింటే లాభం లేదు, అంటించదు. పిల్లప్పుడు పట్టిన వైరస్ ఆ పురుగు ఒంట్లో కూడా సంతానం పెంచుకుని, అది రెక్కలొచ్చి ఎగిరినన్నాళ్లూ పోయిన చేనుకల్లా అంటుకుంటుంది. అంటే అదే చీటీని మొక్క కణమూ చదువుతుంది, పురుగు కణమూ చదువుతుంది. మొక్కలో ఒక కణంలోకి చేరాక పక్క కణానికి పోవడానికి మళ్లీ గోడే అడ్డం. మొక్క కణాల మధ్య సన్నటి సందులుంటాయి. వైరస్ తన చీటీలోని ఒక ప్రొటీన్‌ను చేయించి ఆ సందుల్లో గొట్టాలు దూర్పి దారి వెడల్పు చేసుకుంటుంది. అట్లా నడిచి నడిచి మొవ్వుకు చేరుతుంది, మొవ్వు మాడుతుంది.

2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో పల్లి మీద వచ్చిన ఉపద్రవం మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. రెండు లక్షల పాతిక వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. పైకి చూస్తే అదీ మొవ్వు మాడడమే, అదీ తామర పురుగే. తీరా చూస్తే కాండం కుళ్లు వైరస్, శాస్త్రం దాన్ని టొబాకో స్ట్రీక్ వైరస్ అంటుంది. ఈ రెంటికీ లోపల పోలికే లేదు. మొవ్వు కుళ్లు వైరస్‌కు కొవ్వు పొర ఉంది, దీనికి లేదు, ఒట్టి ప్రొటీన్ డబ్బీ. అది పురుగు ఒంట్లో పెరుగుతుంది, ఇది పెరగదు. ఇది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగు ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది, పల్లి ఆకు మీద గీకినప్పుడు ఆ గాయంలో పడుతుంది. వయ్యారిభామకు జబ్బు కనబడదు, పచ్చగా నిలబడి పూస్తూనే ఉంటుంది.

ఇంత తెలిశాక చేయాల్సింది దానంతట అదే కనబడుతుంది. చేను గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ నాలుగు సాళ్లు ఒత్తుగా వేస్తే గాలికి కొట్టుకొచ్చే తామర పురుగు అక్కడే ఆగుతుంది. విత్తనశుద్ధి చేస్తే మొదటి వారాల్లో పురుగు తక్కువ ఉంటుంది. మొక్కలు పలుచగా ఉన్న చేన్లో మొవ్వు కుళ్లు ఎక్కువ, ఒత్తుగా ఉన్న చేన్లో తక్కువ. ఇవేవీ వైరస్‌ను ముట్టుకునే పనులు కావు, అది లోపలికి వచ్చే దారిని మూసే పనులు. పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం ఇక్కడికి దూరం కాదు, అనుమానం ఉన్నవాళ్లు పోయి అడగవచ్చు. జబ్బు కనబడ్డాక మాత్రం ఆ మొక్క కణాలు దొంగ చీటీ చదువుతూ ఉంటాయి. మీరు ఏం కొట్టినా అది మొక్కకే తగులుతుంది.

ఇక జీవాల సంగతి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే, కోటీ తొంభై లక్షలు. మన పాలమూరు గొల్ల కుర్మలకు మూతివాపు రోగం కొత్త కాదు. మూతి వాచి, చొంగ కారి, గిట్టల మొదట ఎర్రబారి గొర్రె కుంటుతుంది. కొన్నింటికి నాలుక నీలం తిరుగుతుంది కాబట్టి నీలి నాలుక వ్యాధి అన్నారు. బురదలో, తడి పేడలో పెరిగే క్యూలికాయిడిస్ అనే చిన్న దోమ దీన్ని మోస్తుంది. అందుకే వానలు పడ్డాక ఈ రోగం ముదురుతుంది.

నాకు వైరస్‌లలో ఎంతో తెలివైనదిగా కనిపించేది ఇదే. దీని చీటీ పది ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కా రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ. రెండు పేటల పొడవాటి ఆర్‌ఎన్‌ఏ మన కణాల్లో మామూలుగా ఉండదు. అది కనబడితే కణం దొంగ దూరాడని పసిగట్టి కేకలు పెడుతుంది, చుట్టుపక్కల కణాలను కూడా లేపుతుంది. ఇంటర్‌ఫెరాన్ అనే మాట మీరు విని ఉంటారు, ఆ కేక అదే. మరి ఈ వైరస్ ఏం చేస్తుంది? చీటీని డబ్బీలోంచి బయటికి తీయనే తీయదు. పై తొడుగు విప్పుకుంటుంది కానీ లోపలి డబ్బీ కణంలో పగలకుండా తిరుగుతూ ఉంటుంది. నకళ్లు రాసే ఎంజైములు ఆ డబ్బీ లోపలే ఉన్నాయి. లోపలే ఒంటి పేట నకళ్లు రాసి, డబ్బీ మూలల్లో ఉన్న సన్నటి రంధ్రాల గుండా బయటికి తోస్తుంది. ఒంటి పేట నకలు కణం సొంత చీటీలానే కనబడుతుంది, రైబోసోము చదివేస్తుంది. ఆ లోపలి డబ్బీ నిర్మాణాన్ని 1998లో ఎక్స్‌రేలతో గీసి చూపారు. ఒక రకం ప్రొటీన్ ముక్కలు 120, దాని మీద ఇంకో రకం ముక్కలు 780. అంత పెద్ద కట్టడాన్ని అణువుల వివరం దాకా చూడడం అప్పటికి అపురూపం.

పది ముక్కల చీటీలో ఇంకో ప్రమాదం ఉంది. ఒకే గొర్రెలో ఒకే కణంలోకి రెండు రకాల నీలి నాలుక వైరస్‌లు చేరితే ముక్కలు కలగలిసి కొత్త కలయికలు పుడతాయి. ఈ వైరస్‌లో 24కు పైగా రకాలున్నాయి. పై తొడుగు మీది ప్రొటీన్ రకానికో తీరు, ఒకదాని మీద పొందిన రక్షణ ఇంకోదాన్ని ఆపదు. అందుకే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ చేసే టీకాలో ఐదు రకాలు కలిపి పెట్టారు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద పక్క రాష్ట్రాల నుంచి గొర్లు లారీలకొద్దీ తెలంగాణకు వచ్చాయి. కొత్త గొర్రెను మందలో కలిపే ముందు కొన్నాళ్లు వేరుగా కట్టమని పశువైద్యులు చెప్పేది చాదస్తం కాదు. వాటి ఒంట్లో ఏ ముక్కలు వస్తున్నాయో గొర్రె ముఖం చూసి చెప్పలేం.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వస్తాను. ఇక్కడ నేను కాస్త నిదానిస్తాను.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు జ్వరం, వెంటనే ఫిట్స్, ఆ పైన స్పృహ తప్పడం. 329 మంది పిల్లలకు వస్తే 183 మంది చనిపోయారు. చాలామంది ఒక రోజు కూడా తట్టుకోలేదు. అందరూ మెదడువాపు అన్నారు, దోమ అన్నారు, పంది అన్నారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ పిల్లల నమూనాల్లో వేరే దాన్ని పట్టుకుంది. అది చాందీపుర వైరస్. 1965లో నాగ్‌పూర్ దగ్గర చాందీపుర అనే ఊళ్లో జ్వరం వచ్చిన రోగుల రక్తంలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. దాదాపు నలభై ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. మోసేది ఇసుక ఈగ. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లోనూ ఈ వైరస్ దొరికింది.

మైక్రోస్కోపులో ఇది తుపాకీ గుండులా ఉంటుంది, ఒక కొన గుండ్రం, ఒక కొన చదును. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్‌దీ ఇదే ఆకారం, ఒకే కుటుంబం. చీటీలో 11 వేల అక్షరాలు, అందులో ఐదు ప్రొటీన్ల వివరాలు మాత్రమే. ఎన్, పి, ఎం, జి, ఎల్ అని పేర్లు. ఐదంటే ఐదే. మన ఒంట్లో దాదాపు 20 వేల ప్రొటీన్ జన్యువులున్నాయి. ఆ ఐదు ఈ 20 వేలను ఒక్క రోజులో కూల్చిన సందర్భాలు 2003లో మన ఆసుపత్రుల మంచాల మీద కనబడ్డాయి.

ఇది లోపలికి ఎట్లా పోతుంది? పొర మీద ముళ్లలా నిలబడే ప్రొటీన్ జి. అది కణం పొరను పట్టుకుంటుంది. కణం తిండి అనుకుని దాన్ని ఒక చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి లోపల పులుపు పెరుగుతుంది, అరిగించడానికి కణం చేసే మామూలు పని అది. ఆ పులుపు తగలగానే జి ప్రొటీన్ ఆకారం మారి, వైరస్ పొరను సంచి పొరతో అతికిస్తుంది. రెండు పొరలు కలిసిపోయిన చోట దారి తెరుచుకుని చీటీ కణంలో పడుతుంది. అరిగించడానికి కణం పోసిన ఆమ్లమే వైరస్‌కు తాళంచెవి.

ఇప్పుడొక చిక్కు వస్తుంది. చాందీపుర చీటీ తిరగేసి రాసినది. మన రైబోసోము చదివే దిశకు, అక్షరాలకు అది సరిగ్గా వ్యతిరేకం. కాండం కుళ్లు వైరస్ చీటీని మొక్క కణం అట్లాగే చదివేస్తుంది, దీన్ని చదవలేదు. ఆర్‌ఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే నకలుగాడు మన కణంలో ఈ వైరస్‌కు పనికొచ్చేవాడు లేడు. మరి మొదటి నకలు ఎవరు రాయాలి? 1970లో డేవిడ్ బాల్టిమోర్, ఆలిస్ హువాంగ్, మార్తా స్టాంఫర్ ఈ కుటుంబంలోనే ఉన్న, పశువులకు నోటిపుండ్లు తెచ్చే ఒక వైరస్‌ను విప్పి చూశారు. డబ్బీలోనే ఒక ఎంజైము ఉంది. అంటే ఈ వైరస్ చీటీతోపాటు తన నకలుగాణ్ని కూడా వెంట తెచ్చుకుంటుంది. ఐదింటిలో అతి పెద్దదైన ఎల్ ప్రొటీన్ అదే.

ఆ ఎల్ చీటీ ఒక కొన నుంచే మొదలుపెట్టగలదు. మొదట ఎన్ నకలు రాస్తుంది. ఒక జన్యువు దాటి తర్వాతి దానికి పోయేటప్పుడల్లా కొన్నిసార్లు జారిపోతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే. అందువల్ల మొదట ఉన్న ఎన్ ఎక్కువగా తయారవుతుంది, చివర ఉన్న ఎల్ అతి తక్కువ. వైరస్‌కు కావలసిందీ అంతే. చీటీని పొడుగునా కప్పి ఉంచడానికి ఎన్ వేలకొద్దీ కావాలి, నకలుగాళ్లు కొద్దిమంది చాలు. ఎవరికి ఎంత కావాలో లెక్క వేసే గుమాస్తా ఎవరూ లేరు. చీటీలో ఏది ముందు, ఏది వెనుక అనే వరుసే ఆ లెక్క. వైరాలజీలో ఇంత పొదుపైన ఏర్పాటు నేను ఇంకోటి చూడలేదు. పిల్లల ప్రాణాలు తీసిన దానిలో అందం చూస్తున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. అందం చూడకపోతే దాని బలహీనత కూడా కనబడదు.

ఎన్ ప్రొటీన్ తగినంత పోగయ్యాక ఎల్ పని మారుతుంది. ముక్కలు ముక్కలుగా రాయడం మాని, చీటీ మొత్తాన్ని ఒక కొన నుంచి ఇంకో కొనకు రాస్తుంది. దాని నుంచి మళ్లీ తిరగేసిన చీటీలు రాస్తుంది. జి ప్రొటీన్లు కణం పొర మీదికి చేరతాయి. ఎం ప్రొటీన్ కొత్త చీటీలను బిగించి చుట్టి, పొర దగ్గరికి తెచ్చి, బుడగలా బయటికి నెడుతుంది. పొర చుట్టుకుని కొత్త గుండు ఊడి పడుతుంది. ఒక కణం నుంచి కొన్ని గంటల్లో వేలు. ఈ నకలుగాడు దిద్దుకోడు, వేల అక్షరాలకు ఒకటి తప్పు రాస్తాడు. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం పనికిరాని చీటీలు, ఒకటీ అరా కొత్త దారులు. 30 వేల అక్షరాల చీటీ మోసే కరోనాకు మాత్రం కొంత దిద్దుకునే ఏర్పాటు ఉంది, అంత పొడుగు చీటీకి అది లేకపోతే బతుకే లేదు.

ఆ కొవ్వు పొర గురించి ఒక మాట. కుక్క కరిచిన గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగమని డాక్టర్లు చెప్పడానికి కారణం అదే. సబ్బు ఆ పొరను చీలుస్తుంది. పొర పోతే ముళ్ల ప్రొటీన్ పోతుంది, అది లేనిదే వైరస్ కణాన్ని పట్టుకోలేదు. పసుపు, సున్నం, మిరపపొడి గాయంలో పెట్టొద్దు. కడిగి నేరుగా టీకాకు పోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబులో మిగతా సగానికి వస్తాను, మందు ఎందుకు లేదని. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టడాన్ని అడ్డుకుంటుంది. స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా రైబోసోములను చెడగొడుతుంది. వైరస్‌కు గోడా లేదు, రైబోసోమూ లేదు. జలుబుకు యాంటీబయాటిక్ సూది వేయించుకునేవారు లేని ఇంటిని కొడుతున్నారు. వైరస్‌కు సొంతంగా ఉన్నవి కొద్ది పనిముట్లు, ఒక తొడుగు. కొట్టాలంటే వాటినే కొట్టాలి. పనిముట్లను కొట్టే మందులు వచ్చాయి. ఎయిడ్స్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాసుకుంటుంది, ఆ నకలుగాడి చేతికి తప్పుడు అక్షరం అందించి ఆపేసే మందులున్నాయి. హైదరాబాద్‌లోని హెటెరో, అరబిందో వంటి కంపెనీలు ఆ మందులు చేసి పేద దేశాలకు కూడా పంపుతున్నాయి. కరోనా నకలుగాణ్ని ఆపడానికి వాడిన రెమ్‌డెసివిర్‌ను 2020లో హెటెరో తయారుచేసింది. ఒక వైరస్ పనిముట్టుకు చేసిన మందు ఇంకోదానికి పనికొస్తుందన్న హామీ మాత్రం లేదు. అన్ని వైరస్‌లకూ ఒకటే సీసా లేకపోవడానికి కారణం అది.

తొడుగును వాడుకునే తెలివి టీకాలది. ఇక్కడ మన తెలుగువాళ్ల పని చెప్పుకోవాలి. హెపటైటిస్ బి రోగి రక్తంలో అసలు వైరస్‌తోపాటు చీటీ లేని ఒట్టి తొడుగులు లెక్కలేనన్ని తిరుగుతుంటాయి, ఒక్కోటి 22 నానోమీటర్లు. ఆ తొడుగు ప్రొటీన్ జన్యువు ఒక్కటే తీసి ఈస్ట్ కణంలో పెడితే, ఈస్ట్ ఆ ప్రొటీన్ చేస్తుంది. ముక్కలు వాటంతట అవే తొడుగుగా కట్టుకుంటాయి, పొగాకు వైరస్ గాజు గొట్టంలో కట్టుకున్నట్టే. లోపల చీటీ లేదు కాబట్టి జబ్బు రాదు. తొడుగును చూసిన ఒళ్లు మాత్రం తర్వాత అసలుది వస్తే గుర్తుపడుతుంది. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ ఈ పద్ధతిలో చేసిన షాన్‌వాక్‌-బి 1997లో వచ్చింది, దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ టీకా. ఆ పని జరిగే రోజుల్లో ఈ టీకా విదేశీ సరుకు, సామాన్యుడి చేతికి అందేది కాదు. భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌ది వేరే దారి. వైరస్ మొత్తాన్ని పెంచి, రసాయనంతో చీటీని చెడగొట్టి, డబ్బీని మాత్రం నిలబెట్టడం. ఇంకో దారిలో, డబ్బీ లేకుండా చీటీలో ఒక్క పేరా మాత్రమే రాసి మన కణాలకు ఇస్తారు, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా అంటే అదే. మొక్కకు ఈ దారులేవీ లేవు. మొక్కకు మనలాగా ప్రతిరక్షకాలు తయారు చేసుకునే రక్తం లేదు. తట్టుకునే విత్తనం, పురుగు రాకుండా చూసుకోవడం, ఈ రెండే దాని టీకాలు.

చాందీపుర దగ్గర ఆపుతాను. దానికి ఇప్పటికీ టీకా లేదు, ఎల్ ప్రొటీన్‌ను ఆపే మందు ఆసుపత్రిలో లేదు. 2024లో గుజరాత్‌లో మళ్లీ పిల్లల మీద పడింది. ఇసుక ఈగ మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల తడిలో ఉంటుంది, ఎత్తుకు ఎగరలేదు, కొద్ది దూరం గెంతుతూ పోతుంది. వానాకాలం మొదలయ్యేలోపు గోడల పగుళ్లు పూడ్చండి. కొట్టం ఇంటికి ఆనుకుని ఉంటే పిల్లల పడక దూరంగా మార్చండి, సన్నకన్నుల దోమతెర కట్టండి. పిల్లకు జ్వరంతో ఫిట్స్ వస్తే తెల్లారనీ అని ఆగకండి, ఆ రాత్రే వనపర్తి ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ వైరస్ ఒక్క రాత్రిలో ఎన్ని నకళ్లు రాయగలదో ఇప్పుడు మీకు తెలుసు.